దేవుడెప్పుడు వద్దన్నాడు?

అమ్మాయికి ఇంటర్‌లో మంచి మార్కులు, ఈఏపీసెట్‌లో చెప్పుకోదగ్గ ర్యాంకు. ఐదు పూటలా నమాజు తప్పదు. లేదంటే కార్తీకం నెలంతా తెల్లారకముందే దీపం పెడుతుంది, లేదంటే ఆదివారం చర్చిలో పాటల బృందంలో ముందు వరసలో నిలబడుతుంది. వెబ్‌ ఆప్షన్లు పెట్టే రోజులు వచ్చేసరికి మాత్రం ఈ ఇళ్లన్నిట్లోనూ మాట ఒక్కటే: ‘ఇంజనీరింగ్‌ మన పద్ధతులకు సరిపడదు, పక్క వీధి కాలేజీలో బీఎస్సీ చాలు.’

ఏ పద్ధతికి సరిపడదని కాస్త కదిపి చూడండి. కాలేజీ ఊరవతల ఉంది. బస్సు పొద్దున్నే వస్తుంది, తిరిగి ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది. ల్యాబ్‌ బ్యాచ్‌లో అందరూ మగపిల్లలే ఉంటే ఎలా? వర్క్‌షాపులో బురఖా తీసెయ్యమంటారట. మూడో ఏడు మంచి సంబంధం వస్తే చదువు మధ్యలో ఆగుతుంది. ఈ చిట్టాలో ఏ శాస్త్రమూ, ఏ గ్రంథమూ వద్దన్నది ఒక్కటీ కనిపించదు. ఉన్నవన్నీ కాలేజీ వాళ్లు, ఆర్టీసీ వాళ్లు, అత్తింటి వాళ్లు తలుచుకుంటే తీరేవే.

ఈ కిటుకు 1940లోనే ఒక తెలుగు తండ్రికి తెలిసింది. పప్పు సుబ్బారావు మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్‌ కాలేజీలో ఎలక్ట్రికల్‌ ప్రొఫెసర్‌. కూతురు లలితకు ఆనాటి ఆచారం ప్రకారం పదిహేనో ఏటే పెళ్లి చేశారు. పద్దెనిమిదేళ్లకు భర్త పోయాడు, చేతిలో నెలల పాప. ఆ కాలంలో సంప్రదాయ కుటుంబంలో వితంతువంటే ఇంటి వెనక గదికి పరిమితమైన మనిషి. ఆమె మాత్రం చదువుకుంటానంది. ముందు వైద్యం వైపు ఆలోచించి వద్దనుకుంది. అర్ధరాత్రి కబురొస్తే పాపను వదిలి పరుగెత్తాలి కాబట్టి! తొమ్మిదింటికి వెళ్లి ఐదింటికి తిరిగొచ్చే ఉద్యోగం ఇంజనీరింగ్‌లో దొరుకుతుందని లెక్క వేసుకుంది. గిండీలో అప్పటిదాకా ఏ ఆడపిల్లా అడుగుపెట్టని చదువును ఆమె ఎంచుకున్నది అది ఇంటికి అనువుగా ఉంటుందనే.

తండ్రి వెళ్లి ప్రిన్సిపాల్‌ కె.సి.చాకోతో మాట్లాడారు, ప్రవేశానికి ప్రభుత్వం అనుమతి దొరికింది. అయితే అసలు చిక్కు ఆ తరవాతే మొదలైంది. వందలాది మగపిల్లల మధ్య ఒక్క అమ్మాయి హాస్టల్లో ఎలా ఉంటుంది? ఆడపిల్లలు కూడా ఇంజనీరింగ్‌కు దరఖాస్తు చేసుకోవచ్చని పెద్దలే ప్రకటన ఇప్పించారు. కేరళ నుంచి ఇద్దరు వచ్చి సివిల్‌లో చేరారు: పి.కె.త్రేసియా, లీలమ్మ జార్జ్‌. లలిత జమాల్‌పూర్‌ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ కూడా పూర్తి చేసి ఎలక్ట్రికల్‌ ఇంజనీరైంది. తరవాత కలకత్తాలో అసోసియేటెడ్‌ ఎలక్ట్రికల్‌ ఇండస్ట్రీస్‌లో ట్రాన్స్‌మిషన్‌ లైన్లకు, సబ్‌స్టేషన్లకు నమూనాలు గీసింది. భాక్రానంగల్‌ డ్యాం పనుల్లోనూ ఆమె చెయ్యి ఉంది. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సుకు వెళ్లింది. అయ్యలసోమయాజుల లలిత, దేశంలో తొలితరం మహిళా ఇంజనీరు.

ఆ కథలో నాకు బాగా నచ్చేది ఆ ప్రకటనే. కూతురికి ధైర్యం నూరిపోసి పంపడం వేరు, పక్కన మరో ఇద్దరు ఆడపిల్లలు ఉండేలా చూసి పంపడం వేరు. ఈ రోజుకీ చాలా ఇళ్లలో తండ్రులు అడిగేది రెండోదే, మనం చేసేది మాత్రం మొదటిది.

లలితను సంప్రదాయ కుటుంబంలో పుట్టిన మనిషి అంటాం గానీ, జీవితాన్నే దేవుడికి అర్పించిన మనిషి సంగతి చూస్తే ఇంకా ఆశ్చర్యం. అమెరికాలో కంప్యూటర్‌ సైన్స్‌లో డాక్టరేట్‌ అందుకున్న తొలి మహిళ ఒక కాథలిక్‌ సన్యాసిని. 1965లో విస్కాన్సిన్‌ విశ్వవిద్యాలయం సిస్టర్‌ మేరీ కెన్నెత్‌ కెల్లర్‌కు ఆ పట్టా ఇచ్చింది. ఆమె అయోవా రాష్ట్రం డుబ్యూక్‌లోని క్లార్క్‌ కాలేజీలో కంప్యూటర్‌ విభాగం పెట్టి, ఇరవై ఏళ్లు నడిపింది. పిల్లల తల్లులు చదువుకు వస్తే, పసిబిడ్డలనూ క్లాసుకు తెచ్చుకోమనేది. మన కాలేజీల్లో ఇప్పటికీ ఆ మాట అనే ప్రిన్సిపాల్‌ దొరకడం కష్టం.

మతనిష్ఠ గల ఆడవాళ్లు ఒకరిద్దరు కాదు, గుంపులు గుంపులుగా సాంకేతిక చదువులకు వచ్చిన చోటు చూడాలంటే జెరూసలేం వెళ్లాలి. హరేదీలని అక్కడ అతినిష్ఠ గల యూదులు ఉన్నారు. మగవాళ్లు చాలామంది జీవితాంతం ధర్మగ్రంథాలు చదువుతూ గడుపుతారు. ఇంటి ఖర్చు భార్యల మీద పడుతుంది. సగటున ఆరుగురికి పైగా పిల్లలు. పెళ్లయిన స్త్రీ జుట్టు కప్పుకోవాలి. శుక్రవారం పొద్దుగుంకిన దగ్గరి నుంచి శనివారం చీకటి పడేదాకా స్విచ్‌ కూడా వెయ్యరు. అలాంటి ఇళ్ల నుంచే అమ్మాయిలు సాఫ్ట్‌వేర్‌కు వచ్చారు. హరేదీ మహిళల్లో పదిమందికి దాదాపు ఎనిమిది మంది ఉద్యోగం చేస్తున్నారు, మగవాళ్లలో సగం పైచిలుకు మాత్రమే.

ఇది ఉన్నట్టుండి జరగలేదు. 1917లో పోలండ్‌లోని క్రాకోలో సారా షెనిరర్‌ అనే దర్జీ, మతనిష్ఠ గల ఇళ్ల ఆడపిల్లలకు బడి పెట్టింది. మతపెద్దలు మొదట ముఖం చిట్లించి, తరవాత సరేనన్నారు. అదే బైత్‌ యాకోవ్‌ పాఠశాలల ఉద్యమంగా పెరిగింది. జెరూసలేంలో 1969లో భౌతికశాస్త్రవేత్త జీవ్‌ లెవ్‌ ఒక సాంకేతిక కళాశాల స్థాపించారు, ధర్మగ్రంథ పఠనమూ ఇంజనీరింగూ ఒకే ఆవరణలో సాగాలన్నది ఆయన పట్టుదల. తరవాత అదే సంస్థ మహిళలకు విడిగా ఆవరణలు తెరిచింది. మోదియిన్‌ ఇల్లిత్‌ అనే హరేదీ పట్టణంలో సాఫ్ట్‌వేర్‌ కంపెనీలు వాళ్ల ఇళ్ల దగ్గరికే ఆఫీసులు తెచ్చాయి. మతం ఒప్పే తిండికి కోషర్‌ వంటగది, బిడ్డకు పాలు పట్టే తల్లులకు గది, బడి విడిచే వేళకు ఇంటికి చేరే పనిగంటలు. ఇంకేం, అమ్మాయిలు కదిలివచ్చారు. మతాన్ని ఎవరూ తాకలేదు, పనివేళలను మాత్రం కదిపారు.

అక్కడంతా బాగుందని కాదు. ఆ ఆఫీసుల్లో జీతాలు బయటి మార్కెట్‌ కంటే తక్కువని మొదటి నుంచీ విమర్శ ఉంది. ఊరు దాటి వెళ్లలేని మనిషికి బేరమాడే శక్తి ఎక్కడుంటుంది? విడి తరగతుల మీద వ్యాజ్యం ఇజ్రాయెల్‌ సుప్రీంకోర్టుకూ వెళ్లింది. ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరు తరగతులు పెట్టుకోవచ్చు గానీ మగవాళ్లకు మహిళా అధ్యాపకులు పాఠం చెప్పకూడదన్న నియమం చెల్లదని 2021లో తీర్పు వచ్చింది. విడిగా పెట్టిన తలుపు ఎక్కడ ద్వారమవుతుందో, ఎక్కడ గోడ అవుతుందో ఆ తీర్పు బాగానే గీటు గీసింది.

గోడ ఎలా లేస్తుందో ఇరాన్‌ చూపించింది. 1979 విప్లవం తరవాత కాలేజీలు ఇస్లాం పద్ధతిలోకి మారేసరికి, అంతకుముందు జంకిన ఇళ్లవాళ్లు కూడా కూతుళ్లను పంపసాగారు. కొన్నేళ్లకు విశ్వవిద్యాలయాల్లో ఆడపిల్లలే సగానికి మించారు. 2012లో 36 విశ్వవిద్యాలయాలు 77 కోర్సుల్లో వాళ్లకు సీట్లు మూసేశాయి, వాటిలో ఇంజనీరింగ్‌ కూడా ఉంది. ఆడపిల్లలు సగానికి మించాక ఈ గోడ లేచింది.

మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లో మహిళలకే ప్రత్యేకమైన ఇంజనీరింగ్‌ కాలేజీలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. షేక్‌పేటలో జి.నారాయణమ్మ, అబిడ్స్‌లో స్టాన్లీ, ఖైరతాబాద్‌లో షాదాన్‌. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం మహిళా ఇంజనీరింగ్‌ కళాశాల, తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం. పాతబస్తీ అమ్మాయికి ఘట్‌కేసరో ఇబ్రహీంపట్నమో వెళ్లడమంటే రోజుకు మూడు గంటల ప్రయాణం, అబిడ్స్‌ అయితే అదే సిటీ బస్సులో అరగంట. ర్యాంకు ఎంతొచ్చిందనే దానికంటే ఈ దూరమే చాలా సీట్లను నిర్ణయిస్తుంది. ముస్లింలలో వెనకబడిన వర్గాలకు 2007 నుంచి బీసీ-ఈ కింద నాలుగు శాతం రిజర్వేషన్‌ ఉంది, ఆపైన ఫీజు రీయింబర్స్‌మెంట్‌. 2023 డిసెంబర్‌ నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ మామూలు బస్సుల్లో ప్రయాణం ఉచితం. బస్సు టికెట్టు డబ్బు చూసుకుని ఆగిపోయిన ఇళ్లకు ఇది చిన్న విషయం కాదు.

విడి కాలేజీనే మంచిదా, కలిసి చదివేదే మంచిదా అని నన్నడిగితే, ఇంట్లో పంపేది ఏదైతే అదే మంచిది అంటాను. కాకపోతే చేరేముందు రెండు చూసుకోవాలి. ల్యాబుల్లో పరికరాలు సరిగా ఉన్నాయా? కంపెనీలు క్యాంపస్‌కు వస్తున్నాయా? ఆడపిల్లల కాలేజీ కదా అని వర్క్‌షాపులో లేత్‌ మీద గుడ్డ కప్పి ఉంచే చోటు మనకొద్దు.

లేత్‌ మాటొచ్చింది కాబట్టి, ఆ బురఖా భయం సంగతి. బీటెక్‌ మొదటి ఏడు అందరికీ వర్క్‌షాపు ఉంటుంది. మైల్డ్‌ స్టీల్‌ ప్లేటును వైస్‌లో బిగించి ఆకురాయితో అరగదీసి చతురస్రం కూర్చే ఫిట్టింగ్‌, కార్పెంట్రీ, టిన్‌స్మితీ, ఒక బల్బుకు రెండు స్విచ్‌లు పెట్టే హౌస్‌ వైరింగ్‌. లేత్‌లో తిరిగే చక్‌ దగ్గర ప్రమాదం వదులుగా వేలాడే దేంతోనైనా ఉంటుంది: చున్నీ కొస, పైట, పొడుగాటి జడ, మగపిల్లాడి చొక్కా చెయ్యి. యంత్రానికి మతం తెలియదు. చున్నీ మడిచి ఏప్రన్‌లోకి దోపుకోవాలి, జడ ముడేసుకోవాలి, గాజులూ ఉంగరాలూ తీసి పక్కన పెట్టాలి, వైరింగ్‌ దగ్గరైతే తప్పనిసరిగా తియ్యాలి. తలకు పిన్నులు లేని కాటన్‌ టోపీలాంటి హిజాబు, మీద ఏప్రన్‌ అయితే తల నుంచి మోకాలి దాకా అంతా కప్పే ఉంటుంది. ఈ మాట కాలేజీలు ప్రాస్పెక్టస్‌లో రెండు వాక్యాలు రాస్తే, ‘తీసెయ్యమంటారట’ అన్న పుకారు అక్కడే ఆగుతుంది.

ఇంకో సంగతి ఎప్పుడూ వింతగానే ఉంటుంది. దసరా వచ్చిందంటే ఆర్టీసీ డిపోల్లో, ఫ్యాక్టరీల్లో యంత్రాలకు పసుపూ కుంకుమా పెట్టి గుమ్మడికాయ కొడతాం. ఇస్రో అధిపతులు రాకెట్‌ నమూనా పట్టుకుని తిరుమలకు వెళ్తారు, సూళ్లూరుపేట చెంగాళమ్మకు మొక్కుతారు. అప్పుడు మనకెవరికీ భక్తికీ ఇంజనీరింగ్‌కీ పడదనిపించదు. 2014 సెప్టెంబర్‌ 24న మంగళయాన్‌ కక్ష్యలోకి చేరినప్పుడు పట్టుచీరల్లో, పూలజడల్లో ఉన్న ఇస్రో మహిళల ఫొటోను ఇంటింటా చూసుకుని మురిసిపోయాం. ఆ ఫొటో చూసి మురిసిన ఇంట్లోనే మన పిల్ల అడిగితే పద్ధతులు గుర్తొస్తున్నాయి.

చివరి చిక్కు పెళ్లి. ఇక్కడ ఇంట్లోవాళ్లకు తెలియని ఒక వెసులుబాటు ఉంది. జేఎన్‌టీయూ నిబంధనల్లో నాలుగేళ్ల బీటెక్‌ను ఎనిమిదేళ్లలోపు పూర్తి చేసుకోవచ్చు. ఒక సెమిస్టర్‌కు హాజరు 75 శాతం ఉండాలి, ఆరోగ్య కారణం చూపిస్తే 65 దాకా సడలింపు దొరుకుతుంది. పురుడొచ్చి ఒక ఏడాది వెనకపడ్డా, రీఅడ్మిషన్‌ తీసుకుని మళ్లీ అదే సెమిస్టర్‌లో కూర్చోవచ్చు. పెళ్లిచూపులప్పుడు కట్నకానుకల మాట, ముహూర్తం మాట తీసే పెద్దలు, ‘మా అమ్మాయి ఫలానా సెమిస్టర్‌లో ఉంది, పరీక్షలు నవంబర్‌లో’ అని కూడా చెప్పొచ్చు. అవతలివాళ్లు ఒప్పుకుంటే ఆ తేదీల చుట్టూనే పంతులుగారో ఖాజీసాబో పెళ్లి తారీఖు చూస్తారు.