గుడి ఫొటోలు వందలు, నాన్న షాపువి మూడే: క్యాజువల్ ఫొటోలు ఎందుకు తీయాలి?

రివ్యూకి కొత్త ఫోన్ వచ్చిందంటే నా రూట్ ఫిక్స్. హన్మకొండలో వేయి స్తంభాల గుడి, వరంగల్ కోటలో కాకతీయ కళాతోరణం, సాయంత్రం భద్రకాళి చెరువు గట్టు. జూమ్, డైనమిక్ రేంజ్, నైట్ మోడ్ అన్నీ అక్కడే చెక్ చేస్తా. గుడి 1163లో కట్టింది కదా, ఎప్పుడెళ్లినా అక్కడే ఉంటుంది.

మా నాన్న కిరాణా షాపు అలా కాదు. పోయిన ఏడాది మూసేశాం. ఫ్యామిలీ గ్రూప్‌లో పెడదామని వెతికితే, నా దగ్గర గుడివి వందల ఫొటోలున్నాయి, షాపువి మూడే. రెండింట్లో నాన్న చేతులు కట్టుకుని బిగుసుకుపోయి నిలబడ్డాడు. మూడోది ఆటోఫోకస్ చూద్దామని ఊరికే నొక్కింది. చక్కెర పొట్లానికి పురికొస చుడుతూ "ఊకె ఫోటోలు దీస్తవేందిరా, జర పక్కకు జరుగు" అని కసురుతున్నాడు. పక్కన కాంటా, గల్లా పెట్టె. ఫ్రేమ్ వంకర, ఒక చెయ్యి బ్లర్. అప్పుడు రివ్యూకి పనికిరాదని పక్కన పెట్టేశా. ఇప్పుడు ఇంట్లో ఫ్రేమ్ కట్టించుకున్నది దాన్నే.

పోజులో లేనిది ఏంటి?

పోజు ఇచ్చినప్పుడు మనిషి తను ఎలా కనబడాలనుకుంటాడో అది వస్తుంది. పనిలో ఉన్నప్పుడు తీస్తే అతని రోజు వస్తుంది. వరంగల్‌లో పుట్టిన ఫొటోగ్రాఫర్, చిత్రకారుడు భరత్ భూషణ్ తెలంగాణ పల్లెల్ని, బతుకమ్మని, మామూలు జనం బతుకుని ఏళ్ల తరబడి కెమెరాలో పట్టారు. 2022లో ఆయన పోయారు, ఫొటోలు మిగిలాయి. 1925లో లైకా లాంటి చిన్న కెమెరా మార్కెట్లోకి వచ్చాక వీధుల్లో ఇలా తీయడం ఈజీ అయింది. ఇప్పుడు అంతకంటే చిన్నది మన జేబులోనే ఉంది.

మరి బ్లర్ ఎందుకొచ్చింది?

షాపులో వెలుతురు తక్కువ. అలాంటప్పుడు ఫోన్ షట్టర్‌ని 1/30 సెకను దాకా నెమ్మది చేస్తుంది. చెయ్యి సెకనుకు ఒక మీటరు వేగంతో కదిలితే ఆలోపు 3 సెంటీమీటర్లకు పైగా జరిగిపోతుంది. 1/250 దగ్గర అదే 4 మిల్లీమీటర్లు. నైట్ మోడ్ చాలా ఫ్రేముల్ని కలుపుతుంది కాబట్టి కదిలే మనుషులకు అంతగా సెట్ కాదు. అది ఆఫ్ చేసి, మనిషి కిటికీ వైపు ఉన్నప్పుడు తీయండి.

ఇంకో విషయం, జీరో షట్టర్ లాగ్. ఇది ఉన్న ఫోన్లలో కెమెరా తెరిచి ఉన్నంతసేపు ఫ్రేములు మెమరీలో చేరుతూ, పాతవి పోతూ ఉంటాయి. బటన్ నొక్కగానే ఆ క్షణానికి దగ్గరి ఫ్రేమ్ తీసుకుంటుంది. అందుకే నవ్వు మిస్ కాదు.

నేను పాటించేవి

- పవర్ బటన్ రెండుసార్లు నొక్కితే కెమెరా తెరుచుకునేలా పెట్టుకోండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ ఆప్షన్ ఉంది.
- లెన్స్ తుడవండి. జేబులో ఉన్న ఫోన్‌కి వేలిముద్రలు గ్యారంటీ.
- బ్లర్ అయిందని వెంటనే డిలీట్ కొట్టొద్దు. ఒక నెల ఆగి చూడండి.
- తెలియని వాళ్లని తీస్తే వాళ్లకి చూపించండి. వద్దంటే అక్కడే తీసేయండి.

నా రివ్యూ రూట్‌లో ఇప్పుడు ఇంకో స్టాప్ చేరింది, మా వంటిల్లు. షాపు లేదు కాబట్టి నాన్న ఇప్పుడు అక్కడే పొద్దున్నే చాయ్ పెడుతున్నాడు. కసురుడు మాత్రం అదే.