పదహారో అక్షరం ఏమైంది?

మీ తరగతి హాజరు పట్టీలో రమ, రమణ, రమణమూర్తి అని ముగ్గురున్నారనుకోండి. "పేరులో 'రమ' ఉన్నవాళ్లు బయటికి వెళ్లండి" అన్నారు మాస్టారు. ఆయన పంపాలనుకున్నది రమ ఒక్కదాన్నే. లేచి నిలబడేది ముగ్గురు!

లినక్స్ కంప్యూటర్లలోనూ ఇదే చిక్కు. అక్కడ నడుస్తున్న ప్రోగ్రామును 'ప్రాసెస్' అంటారు. పేరు చెబితే ప్రాసెస్‌ను వెదికిపెట్టే ఆదేశం 'పీగ్రెప్'. వెదికి ఆపేసేది దాని తోబుట్టువు 'పీకిల్'. ఈ జంట 1998లో సొలారిస్ 7తో వచ్చి, తర్వాత లినక్స్‌లోనూ స్థిరపడింది. మీరు దూరాన ఉన్న యంత్రంలోకి 'ఎస్ఎస్‌హెచ్' ద్వారా ప్రవేశించి, అక్కడ ఎస్ఎస్‌హెచ్‌ను ఆపమని పీకిల్‌కు చెప్పారా, మీకు లోపలికి దారి ఇచ్చిన 'ఎస్ఎస్‌హెచ్‌డీ' కూడా ఆగిపోవచ్చు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే!

అందుకే 'ఎక్స్' అనే ఆప్షన్ పెట్టారు. "అచ్చంగా ఈ పేరే, ముందూ వెనకా ఇంకేమీ ఉండకూడదు" అని దాని అర్థం.

చిక్కు తీరిందా? లేదు. యంత్రంలో జరిగే సంగతుల చిట్టా రాసే ప్రోగ్రాము 'సిస్టమ్‌డీ-జర్నల్‌డీ'. ఇంగ్లీషులో రాసి లెక్కపెట్టండి. గీతతో కలిపి 16 అక్షరాలు. ఎక్స్ పెట్టి ఆ పేరుతో వెదికితే, అది నడుస్తున్నా దొరకదు! ఎందుకు? కెర్నెల్ తన పట్టీలో ఒక్కో పేరుకు ఇచ్చే చోటు 16 బైట్లు. పేరు ముగిసిందని చెప్పే సున్నాకు అందులో ఒకటి పోతుంది. మిగిలింది 15. చివరి 'డి'కి చోటు లేకపోయింది.

"అయితే 15 అక్షరాలే ఇద్దాం" అంటారేమో. 'సిస్టమ్‌డీ-జర్నల్-రిమోట్' అని మరో ప్రోగ్రాము ఉంది. దాని మొదటి 15 అక్షరాలూ అవే!

ప్రతి ప్రాసెస్ ఏ ఆదేశంతో మొదలైందో ఆ పూర్తి వాక్యం 'ప్రోక్' అనే చోట దొరుకుతుంది. పీగ్రెప్‌కు 'ఎఫ్' ఆప్షన్ ఇస్తే ఆ వాక్యమంతా వెదుకుతుంది. కానీ ఆ పేరుగల ఫైలును ఎవరో తెరిచి చదువుతున్నా అదీ పట్టుబడుతుంది. మేలైన పద్ధతి ఏమిటంటే, వాక్యంలోని మొదటి మాట తీసుకుని, అందులో చివరి ఏటవాలు గీత తర్వాతి భాగాన్ని మాత్రమే పోల్చడం.

పూర్తి పేరు అసలే అందకపోతే? 'కిల్‌ఆల్' అనే ఆదేశం అలాంటప్పుడు 15 అక్షరాలు కలిసినవాటినన్నిటినీ ఆపేస్తుంది. 'ఈ' ఆప్షన్ ఇస్తే వాటిని ముట్టుకోదు. నాకైతే రెండోదే నచ్చుతుంది.

మీ బడిలో లినక్స్ యంత్రం ఉంటే 'పీఎస్ మైనస్ ఈ' అని టైపు చేయండి. సరిగ్గా 15 అక్షరాల దగ్గర తెగిపోయిన పేర్లు ఎన్ని కనిపిస్తాయో లెక్కపెట్టండి.