మంచుకొండలకు కారు ప్రయాణము

చలికాలము రాగానే స్కీయింగునకై ఆల్ప్స్ పర్వతములకు బయలుదేరు ఆంగ్లేయులలో పెక్కురు విమానముననే పోవుదురు. అయినను స్కీలు, బూట్లు, బిడ్డల ఉన్నిదుస్తులు, వారమునకు సరిపడు వంటసామగ్రి సమస్తమును ఒక్క బండిలో వేసికొని, సామాను తూకముల పీడ లేక, ఇంటి వాకిటనుండి బస వాకిటిదాక స్వయముగా నడుపుకొని పోవుటయే సుఖమని నమ్మువారును కలరు.

ఫోక్‌స్టన్ వద్ద కారును రైలుపెట్టెలోనికి ఎక్కించినచో, 1994లో తెరువబడిన సముద్రగర్భ సొరంగము గుండ 35 నిమిషములలో ఫ్రాన్సు దేశపు కలే చెంతకు చేరవచ్చును. డోవరునుండి ఓడలో పోవువారికి సుమారు గంటన్నర పట్టును. ఆవల దిజోన్ మీదుగా, ఆల్ప్స్ లోయలోని మూతియే పట్టణము 900 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. బ్రిటిషు కార్లలో చోదకుడు కుడివైపున కూర్చుండును గనుక టోల్‌గేటు కిటికీ పక్కవాని చేతికే అందును. పాపము, అతనికి నిద్ర నిషిద్ధము.

ఈ యాత్రలో దూరముకంటె దినమే పెద్ద చిక్కు. బసలను శనివారమునుండి శనివారమునకు అద్దెకిచ్చు ఆచారము పాతుకొనిపోయినందున, దిగివచ్చువారును ఎక్కిపోవువారును ఒక్కపూటనే ఒక్క లోయలో క్రిక్కిరియుదురు. ఫిబ్రవరిలో ఇరుదేశముల బడిసెలవులును కలిసివచ్చెనా, 1992 ఆల్బెర్విల్ శీతకాల ఒలింపిక్సు నిమిత్తము బాగుచేసిన రహదారియు చాలదు. 1976లో మొదలైన ‘బిజోన్ ఫ్యూతే’ అను ప్రభుత్వ సమాచారశాఖ ఆయా దినముల రద్దీని ఆకుపచ్చ, నారింజ, ఎరుపు, నలుపు రంగులతో ముందే ప్రకటించుచున్నది. నలుపు పడిన శనివారమున ఆ లోయ త్రొక్కుటకంటె, ఒకనాటి అద్దె నష్టమైనను, దిజోన్‌లో నిద్రించి ఆదివారము చేరుటయే మేలని నా తలంపు.

అసలు పరీక్ష చివరి 35 కిలోమీటర్లలో నున్నది. సముద్రమట్టమునకు 500 మీటర్ల ఎత్తయినను లేని మూతియేనుండి 2300 మీటర్ల ఎత్తుననున్న స్కీయింగు బస వాల్ తొరాన్స్‌కు మలుపుల దారి ఎక్కవలెను. తిరుమలలో ఎక్కుటకొకటి, దిగుటకొకటి కనుమదారులుండుట చూచిన మనకు, రెండువైపుల బండ్లును ఒకే బాటపై మంచు నడుమ ఒదిగి సాగుట వెరపు గొల్పును. ఇరుకుచోట దిగు బండియే ముందాగవలెనని నియమము. ఎక్కుచు ఆగిన చక్రమునకు మంచుపై మరల పట్టు చిక్కుట దుష్కరము గదా.

7 డిగ్రీలకు లోపటి చలిలో మామూలు టైరు రబ్బరు బిగుసుకొని పట్టు కోల్పోవును గనుక, 2021నుండి ఫ్రాన్సులోని నిర్ణీత పర్వతప్రాంతములలో నవంబరు 1 మొదలు మార్చి 31 వరకు శీతకాలపు టైర్లో, చక్రములకు తొడుగు గొలుసులో ఉండితీరవలెనని శాసించిరి. గొలుసులను ఇంజను త్రిప్పు చక్రములకే, అనగా పెక్కు కార్లలో ముందువానికే, తొడుగవలెను: వలను చిక్కులేకుండ పరచి, తీగను చక్రము వెనుకగా పోనిచ్చి, కొనలను పైన కొక్కెమునకు తగిల్చి, బిగించి, పది గజములు నడిపి, మరల బిగింపవలెను. ఇంటివద్ద ఒకసారి అభ్యసింపనివారు ఈ విద్యను చీకటివేళ, తడిసిన చేతితొడుగులతో, వెనుక నిలిచిన బండ్ల హారను మోతల నడుమ నేర్చుకొందురు. డీజిలులోని మైనపు అంశము తీవ్రమగు చలికి పేరుకొని గొట్టములను మూయును గనుక, కొండ మొదటనే శీతకాలపు డీజిలు నింపుకొనుట తెలివి.

ఒంటరివానికి ఇంధనము, టోలు, సొరంగపు ఛార్జీ కలిసి తడిసి మోపెడగును. నలుగురు పంచుకొన్నచో ఖర్చును, తలసరి పొగయు విమానముకంటె తగ్గవచ్చును. పొగ మాటకు వచ్చినచో రైలును మించినది లేదు.

చేరిన పిమ్మట కారు వారమంతయు మంచులోనే నిలుచును. చేతిబ్రేకు వేసిన గడ్డకట్టి పట్టుకొనవచ్చును గనుక, గేరులో ఉంచి, వైపర్లను పైకెత్తి విడుతురు. తిరుగు ప్రయాణమునకు ముందునాటి సాయంకాలమే పారతో మంచు త్రవ్వి, బ్యాటరీ పలుకుచున్నదో లేదో చూచుకొనవలెను; ఆ పనిని శనివారపు వేకువకు వదలినవారు మూతియే వద్ద బారులో కట్టకడపట నిలుతురు.