వార్తల్లో పదం: ఫార్మాట్ వార్

ఒకే పనికి, ఒకదానితో ఒకటి పొసగని రెండు సాంకేతిక పద్ధతులు మార్కెట్లో పోటీ పడటమే ‘ఫార్మాట్ వార్’. విద్యుత్ స్కూటర్ల చార్జింగ్ వార్తల్లో ఈ మాట వినిపిస్తోంది.

ఏది నిలుస్తుందో తేలేదాకా కొనేవారు ఆగుతారు. ఓడిన పద్ధతిని కొన్నవారి డబ్బు వృథా అవుతుంది. ఉదాహరణకు, హైడెఫినిషన్ సినిమా డిస్కుల్లో 2006లో సోనీ పక్షాన బ్లూరే, తోషిబా పక్షాన హెచ్‌డీ డీవీడీ తలపడ్డాయి. ఒకదాని డిస్కు రెండోదాని ప్లేయర్లో ఆడదు. చాలామంది పాత డీవీడీతోనే సరిపెట్టుకున్నారు. 2008 జనవరిలో సినిమా సంస్థ వార్నర్ బ్రదర్స్ బ్లూరే వైపు మొగ్గింది. ఫిబ్రవరిలో తోషిబా తప్పుకుంది.

విద్యుత్ స్కూటర్లలోనైతే తమిళనాడులోని ఒక్క కృష్ణగిరి జిల్లాలోనే ఇలాంటి పోటీ ఉంది. హోసూరులో స్కూటర్లు తయారుచేసే ఏథర్‌ది ఒక ఫాస్ట్ చార్జింగ్ కనెక్టర్, పోచంపల్లిలో తయారుచేసే ఓలాది మరొకటి. ఏథర్ తన కనెక్టర్‌ను 2021లో ఇతర కంపెనీలకూ తెరిచింది. హీరో విడా దాన్ని తీసుకుంది. 2023లో భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ఆ రూపకల్పనను తేలికపాటి విద్యుత్ వాహనాలకు ఒక ప్రమాణంగా ఆమోదించింది.

ఇంట్లో మామూలు ప్లగ్గుతో చార్జింగ్‌కు ఈ చిక్కు లేదు. దారిలో ఫాస్ట్ చార్జింగ్ కావాలంటే మాత్రం, మీరు తిరిగే దారుల్లో ఏ కనెక్టర్ దొరుకుతుందో చూసుకుని బండి కొనండి.