చెప్పులు బయట, కులం లోపల

మందిరంలోకి వెళ్లేముందు చెప్పులు గుమ్మం దగ్గర విడుస్తాం. మనం పుట్టి పెరిగిన వాడ, దాని పట్టింపులు మాత్రం మనతోపాటే లోపలికొచ్చి కూర్చుంటాయి. 1932లో శంషాబాద్‌లో మెనోనైట్ బ్రెదరన్ మిషనరీల ఇంట పుట్టిన పాల్ హీబర్ట్‌కు ఈ సంగతి బాగా తెలుసు. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కొండూరు గ్రామ జీవితంపై 1971లో పుస్తకం రాసిన మానవశాస్త్రవేత్త ఆయన. 'దేవుడు' అన్న తెలుగుమాట మిషనరీ నోట ఒక అర్థంతో బయల్దేరి, పల్లె రైతు చెవిని మరో అర్థంతో చేరుతుందని ఆయన గమనించారు.

ఒక్క మాటకే ఇంత జరిగితే సంఘానికి జరగదా? అబ్రహాం ఫ్రీసెన్ 1890లో నల్గొండలో పరిచర్య ఆరంభించినప్పటి నుండి ఈ ప్రాంతంలో సువార్తను ఎక్కువగా అందుకున్నది ఊరు దూరం పెట్టిన మాల, మాదిగ వాడలే. దూరం పెట్టబడిన బాధ తెలిసినవారి మధ్యనే ఆ రెండు వాడల దూరమూ మిగిలింది. కమిటీ ఎన్నికలొస్తే చాలు, ప్రార్థనకన్నా ముందు మనవాళ్లెందరన్న లెక్క మొదలవుతుంది. ఓట్ల పద్ధతి మిషనరీలతో వచ్చింది, లెక్క మాత్రం అచ్చంగా మనదే!

యెరూషలేము సంఘంలోనూ ఇదే తలెత్తింది. అనుదిన పరిచర్యలో గ్రీకు భాష మాట్లాడే యూదుల విధవరాండ్రకు చిన్నచూపు ఎదురైంది (అపొ.కా.6:1). సర్దుకుపొమ్మని అపొస్తలులు వారిని పంపేయలేదు. ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. స్తెఫను మొదలు నీకొలాసు వరకు ఆ ఏడూ గ్రీకు పేర్లే! పేర్లను బట్టి చూస్తే వడ్డించే గరిటె సణిగినవారి పక్షానికే దక్కింది. హెబ్రీయుల విధవరాండ్రూ ఇక వారి చేతి అన్నమే తినాలి. జనసమూహమంతా దానికి ఇష్టపడింది. మన సంఘాల్లో ఓట్లు ఎక్కువున్నవారు అందుకు ఇష్టపడతారా?