స్కానరు ఎందుకు ఆగింది?

గుంటూరు బ్రాడీపేటలో నాలుగు లైన్లు తిరిగితే స్కానింగు సెంటర్ల బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. సి.టి. స్కానరును మీలో కొందరు చూసే ఉంటారు. నిలబెట్టిన పెద్ద గారెలా ఉంటుంది. మధ్యనున్న రంధ్రంలోకి రోగి పడుకున్న బల్ల జారుతుంది. ఒక్కోసారి ఈ యంత్రం పరీక్ష మధ్యలో ఆగిపోతుంది. పక్షవాతం వచ్చిన మనిషిని తీసుకొచ్చిన వాళ్లకు అప్పుడు ఒక్కో నిమిషం ఒక్కో గంట. "ఇంత ఖరీదైన యంత్రానికి ఇదేం రోగం?" అని విసుక్కుంటారు. అయితే అది ఆగకపోతే ఇంకా ప్రమాదమని మీకు తెలుసా?

గారె లోపల పెద్ద చక్రం ఉంది. దాని మీద ఒకవైపు ఎక్స్‌రే గొట్టం, ఎదురుగా కిరణాలను పట్టే డిటెక్టర్లు. చక్రం రోగి చుట్టూ తిరుగుతూ వందల కోణాల నుంచి కొలతలు తీసుకుంటుంది. ఏ కొలత ఏ కోణంలో తీసిందో తెలిస్తేనే కంప్యూటరు బొమ్మ కట్టగలదు. కోణం తప్పితే లేని గీతలు, లేని మచ్చలు బొమ్మలో పుడతాయి. వాటిని జబ్బు అనుకుంటే?

1971లో లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ తొలి రోగిని పరీక్షించిన యంత్రం ఒక్కో డిగ్రీ చొప్పున మెల్లగా జరిగేది. ఒక్క పరీక్షకు అయిదు నిమిషాలు పట్టేది. నేటి చక్రాలు అర సెకనులో, కొన్ని అంతకన్నా తక్కువలోనే, ఒక చుట్టు తిరుగుతాయి. మీరే లెక్క వేయండి. వ్యాసార్ధం 60 సెం.మీ. అనుకుంటే చుట్టుకొలత సుమారు 3.77 మీటర్లు, వేగం సెకనుకు 7.54 మీటర్లు. వేగ వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే అభికేంద్ర త్వరణం దాదాపు 95 వస్తుంది. గురుత్వ త్వరణానికి ఇది దగ్గర దగ్గర పది రెట్లు! అక్కడ ఒక్క బోల్టు వదులైనా ఊరుకుంటుందా?

చాలా స్కానర్లలో ఈ చక్రాన్ని మోటారు బెల్టుతో తిప్పుతుంది, మన కారం మరలో లాగానే. మరలో బెల్టు వదులైతే మోటారు తిరుగుతూనే ఉంటుంది, మర మాత్రం వెనకబడుతుంది. మర యజమాని చెవితో పట్టేస్తాడు. స్కానరులో ఆ పని ఎన్‌కోడరుది. చక్రం కదిలేకొద్దీ అది గుర్తులు లెక్కపెడుతుంది. చెప్పిన కదలికా, జరిగిన కదలికా సరిపోలకపోతే యంత్రాన్ని ఆపేస్తుంది.

మరమ్మతుకు వచ్చిన ఇంజనీరు వెంటనే మోటారు మార్చడు. మోటారు తిరగలేదా? మోటారు తిరిగినా చక్రం తిరగలేదా? రెండూ తిరిగినా లెక్కపెట్టే కన్నుకు దుమ్ము పట్టిందా? ఈ మూడో ప్రశ్న మరిచిపోయి మంచి మోటారు పారేసేవాళ్లూ ఉంటారు! కరెంటు పూర్తిగా ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పి చూస్తాడు. చుట్టంతా బరువుగా ఉంటే బ్రేకు వదల్లేదేమో. ఒకే చోట పట్టేస్తుంటే బేరింగు మీద అనుమానం. పుల్లీ కింద నల్లటి పొడి రాలి ఉంటే బెల్టు ఒరుసుకుంటున్నదన్నమాట. (లోపల లక్షకు పైగా వోల్టుల పరికరాలుంటాయి. శిక్షణ లేనివారు మూత తీయకూడదు.)

బల్ల సంగతి ఇంకా సరదా. మనిషంత బరువు పెట్టి, 300 మి.మీ. గుర్తు దగ్గరికి ఒకసారి ముందు నుంచి, ఒకసారి వెనక నుంచి తెస్తారు. రెండుసార్లూ ఒకేచోట ఆగకపోతే పళ్లచక్రాల్లోనో మరసీలలోనో సందు పెరిగింది. పాత బోల్టుకు నట్టు ఎక్కించి, తిప్పకుండా ముందుకూ వెనక్కూ ఆడించండి, ఆ సందు మీ వేళ్లకే తెలుస్తుంది. అలా కాకుండా 100 మి.మీ. దగ్గర 1 మి.మీ., 300 దగ్గర 3 మి.మీ. చొప్పున తగ్గుతుంటే? అది సందు కాదు, ఎక్కడో జారుతున్నది, లేదా లెక్కే తప్పు. దూరంతో పెరిగే తప్పుకూ, పెరగని తప్పుకూ కారణాలు వేరు.

బాగుచేశాక కూడా రోగిని వెంటనే పడుకోబెట్టరు. ముందు నీళ్లు నింపిన డబ్బాను స్కాన్ చేస్తారు. హౌన్స్‌ఫీల్డ్ పేరుతో ఉన్న కొలమానంలో నీటి విలువ సున్నా. డబ్బా బొమ్మ అంతటా సున్నాకు దగ్గరగా, గీతలూ వలయాలూ లేకుండా వస్తేనే తలుపు తీసి తరువాతి పేరు పిలుస్తారు.