రహదారి భద్రత - న్యాయస్థానాల పాత్ర

రహదారిపై ప్రమాదం జరిగిన వెంటనే అందరి దృష్టి వాహనం నడిపిన వ్యక్తిపై పడుతుంది. అతడు మితిమీరిన వేగంతో వచ్చాడా, మద్యం సేవించాడా, నిద్రమత్తులో ఉన్నాడా అని విచారిస్తారు. ఈ ప్రశ్నలు అడగవలసినవే. కాని అతనికి లైసెన్సు మంజూరు చేసినవారు ఎవరు? ఆ వాహనం నడవడానికి యోగ్యమైనదని ధ్రువపత్రం ఇచ్చినవారు ఎవరు? మలుపు వద్ద హెచ్చరిక ఫలకం ఎందుకు లేదు? ఈ ప్రశ్నలు అంతగా వినిపించవు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించారు. ఇన్ని మరణాలకూ డ్రైవర్ల అజాగ్రత్తనే కారణంగా చూపి ప్రభుత్వ శాఖలు బాధ్యత నుంచి తప్పుకోవచ్చునా అనే విషయం మన న్యాయస్థానాల ముందుకు అనేక రూపాలలో వచ్చింది. వీటిలో ఢిల్లీ నగరానికి సంబంధించిన వ్యాజ్యాలు ప్రత్యేకంగా పరిశీలించదగినవి.

పాత ఢిల్లీలోని చాందినీచౌక్‌లో, పురపాలక భవనానికి ఎదురుగా ఒక గడియార స్తంభం ఉండేది. 1951లో అది హఠాత్తుగా కూలిపోయి, దారిన పోతున్నవారి ప్రాణాలను బలిగొన్నది. మృతుల కుటుంబాలు నష్టపరిహారం కోరుతూ దావాలు వేశాయి. కట్టడం బలహీనపడిందని తెలిపే గుర్తులేవీ పైకి కనబడలేదని, కనుక తమ తప్పు లేదని పురపాలక సంస్థ వాదించింది. ఈ వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్లి 1966లో పరిష్కారమైంది. ఆ కట్టడం వయస్సు సుమారు 80 సంవత్సరాలు. దానికి వాడిన సున్నపు గార 40, 45 సంవత్సరాలకు మించి పటుత్వం నిలుపుకోజాలదు. రహదారి పక్కన ఇటువంటి కట్టడం ఉన్నప్పుడు దానిని ఎప్పటికప్పుడు పరీక్షించి చూడడం యజమాని విధి అని, లోపం కంటికి కనబడలేదన్న మాట సమాధానం కాజాలదని సుప్రీంకోర్టు తేల్చింది. పురపాలక సంస్థ పరిహారం చెల్లించవలసి వచ్చింది. అయితే ఘటన జరిగిన నాటికీ తుది తీర్పుకూ నడుమ పదిహేనేళ్లు గడిచాయన్నది మరువరాదు.

ఆ దావాలన్నీ జరిగిపోయిన నష్టానికి పరిహారం కోరినవి. జరగబోయే నష్టాన్ని నివారించమని ప్రభుత్వాన్ని ఆదేశించే మార్గం 1980ల నాటికి విస్తృతంగా తెరుచుకొన్నది. స్వయంగా నష్టపోకున్నా, ప్రజల పక్షాన ఎవరైనా న్యాయస్థానాన్ని ఆశ్రయించవచ్చునని సుప్రీంకోర్టు అంగీకరించడంతో ప్రజాప్రయోజన వ్యాజ్యాలు బలం పుంజుకొన్నాయి. రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కు ఈ వ్యాజ్యాలకు ఆధారమైంది. ఎం.సి. మెహతా అనే న్యాయవాది ఢిల్లీలో వాహనాల పొగ వల్ల కలిగే కాలుష్యంపై 1985లో వేసిన వ్యాజ్యం ఇటువంటిదే. పొగతో మొదలైన ఆ వ్యాజ్యం క్రమంగా నగర రవాణా వ్యవస్థ మొత్తాన్నీ విచారణ పరిధిలోకి తెచ్చింది.

1997 నవంబరు 18వ తేదీ ఉదయం పిల్లలతో కిక్కిరిసిన ఒక పాఠశాల బస్సు వజీరాబాద్ వంతెన మీది నుంచి యమునా నదిలో పడిపోయింది. 28 మంది పిల్లలు మరణించారు. రెండు రోజుల తరువాత, నవంబరు 20న, మెహతా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఢిల్లీ ట్రాఫిక్‌పై సమగ్రమైన ఉత్తర్వులు జారీ చేసింది. బస్సులు, లారీలు, సరుకు రవాణా వాహనాలు గంటకు 40 కిలోమీటర్ల వేగం మించకుండా వాటికి వేగ నియంత్రణ పరికరాలు అమర్చాలి. ఈ వాహనాలు ఇతర నాలుగు చక్రాల వాహనాలను దాటి ముందుకు పోరాదు. బస్సులు తమకు కేటాయించిన వరుసలోనే నడవాలి. గుర్తించిన స్థలంలో తప్ప ఎక్కడా ఆగరాదు. పాఠశాల బస్సు నడిపేవానికి తగినన్ని సంవత్సరాల అనుభవం ఉండాలి. పలుమార్లు చలానాకు గురైనవాడు, నిర్లక్ష్యంగా నడిపాడన్న అభియోగం ఉన్నవాడు ఆ పనికి తగడు. డ్రైవరు ప్రత్యేక దుస్తులు ధరించాలి. బస్సు విద్యాసంస్థదని తెలిపే వ్రాత దానిపై ఉండాలి. రహదారి పక్కన ఉండి చోదకుల దృష్టిని మరల్చే ప్రమాదకరమైన హోర్డింగులను గుర్తించి తొలగించే బాధ్యతను నగరపాలక, పోలీసు, రవాణా అధికారులపై మోపింది. ఆ హోర్డింగులు నగరపాలక సంస్థలకు ఆదాయ మార్గం కూడా అని గుర్తుంచుకుంటే, ఈ ఆదేశం అధికారులకు ఎంత ఇబ్బంది కలిగించి ఉంటుందో ఊహించవచ్చు.

ఈ ఉత్తర్వులలో గమనించదగిన అంశం ఒకటి ఉంది. వేగాన్ని పరిమితం చేయడం, లైసెన్సు రద్దు చేయడం, నిబంధనలు పాటించని వాహనాన్ని స్వాధీనం చేసుకోవడం మొదలైన అధికారాలు 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో అంతకుముందే ఉన్నాయి. వాటిని వినియోగించవలసిన శాఖలు వినియోగించలేదు. న్యాయస్థానం చేసిన పని ప్రధానంగా ఆ అధికారాలను బయటికి తీయించడమే. సుప్రీంకోర్టుకు సహాయకంగా వ్యవహరించడం దేశంలోని అధికారులందరి విధి అని రాజ్యాంగంలోని 144వ అధికరణం చెబుతున్నది. ఆదేశాన్ని ఉద్దేశపూర్వకంగా ఉల్లంఘించిన అధికారి కోర్టు ధిక్కార నేరానికి జవాబు చెప్పుకోవలసి ఉంటుంది. కాని ప్రతి కూడలిలోనూ న్యాయమూర్తి నిలబడి చూడజాలడు. బస్సును ఆపి పరికరం పనిచేస్తున్నదో లేదో పరీక్షించవలసినవాడు రవాణా శాఖ తనిఖీ అధికారే.

ఆ తనిఖీ ఎంత బలహీనంగా ఉండేదో ఢిల్లీ ప్రైవేటు బస్సుల కథ తెలియజేస్తుంది. ప్రభుత్వ బస్సులు చాలక 1990ల ఆరంభంలో ప్రైవేటు యజమానులకు పర్మిట్లు ఇచ్చారు. రెడ్‌లైన్ అనే పేరుతో నడిచిన ఆ బస్సులు వరుస ప్రమాదాలతో అపకీర్తి మూటగట్టుకోగా, వాటి రంగు మార్చి బ్లూలైన్ అన్నారు. రంగు మారితే నడక మారదు గదా! యజమాని ఆదాయం, సిబ్బంది సంపాదన ఆనాటి టిక్కెట్ల వసూలుపై ఆధారపడి ఉండేవి. ముందున్న బస్సును దాటిపోతేనే తరువాతి స్టాపులో ప్రయాణికులు దొరుకుతారు. అందువల్ల ఒకే మార్గంలో తిరిగే బస్సులు పరస్పరం పందెం వేసుకొన్నట్లు పరుగెత్తేవి. 40 కిలోమీటర్ల పరిమితి ఉత్తర్వులలో ఉన్నప్పటికీ 2007 ఒక్క సంవత్సరంలోనే బ్లూలైన్ బస్సుల ప్రమాదాలలో మరణించినవారి సంఖ్య వంద దాటింది. చివరకు ప్రభుత్వం ఆ బస్సులను దశలవారీగా తొలగించడానికి పూనుకొన్నది. 2012 నాటికి ఆ పని ముగిసింది. వాటి స్థానంలో అనేక బస్సులను ఒకే సంస్థ నడిపే పద్ధతి వచ్చింది. ఈ పద్ధతిలో సంస్థకు చెల్లింపు టిక్కెట్ల వసూలును బట్టి గాక బస్సు తిరిగిన దూరాన్ని బట్టి జరుగుతుంది. డ్రైవరు పందెం వేయవలసిన అవసరాన్నే ఈ మార్పు తగ్గించింది. శిక్ష భయంతో సాధించలేనిది చెల్లింపు విధానంతో కొంత సాధ్యమైంది.

ఇక రహదారిని నిర్మించినవారి జవాబుదారీతనం సంగతి. ప్రమాద బాధితుల పరిహారాన్ని నిర్ణయించడానికి మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునళ్లు ఉన్నాయి. అక్కడ వాదన సాధారణంగా డ్రైవరు తప్పు చుట్టూ తిరుగుతుంది. పరిహారం భీమా సంస్థ చెల్లిస్తుంది. గోతిని పూడ్చని ఇంజనీరు, నాసిరకం పని చేసిన గుత్తేదారు ఆ వాదనలోకి రావడం అరుదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198ఎ సెక్షన్ చేర్చి ఈ లోటును పూరించే ప్రయత్నం చేశారు. నిర్దేశించిన భద్రతా ప్రమాణాలను రహదారి రూపకల్పనలో గాని, నిర్మాణంలో గాని, నిర్వహణలో గాని పాటించనందువల్ల ఎవరైనా మరణించినా, వికలాంగులైనా బాధ్యులైన అధికార సంస్థకు లేదా గుత్తేదారుకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. కోట్ల రూపాయల గుత్త పనులలో లక్ష రూపాయలు ఎంత భయం కలిగిస్తాయో చెప్పనవసరం లేదు. పైగా ఆ సొమ్ము చట్టం ఏర్పరచిన మోటారు వాహనాల ప్రమాద నిధికి జమ అవుతుంది. మృతుని కుటుంబం పరిహారం కోసం ట్రిబ్యునల్‌లో వేరుగా దరఖాస్తు చేసుకోవలసిందే.